మీట ఎవరి చేతిలో: ఆటిజం, ఆందోళన, సహాయక సాధనాల చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆటిజంగల వ్యక్తులు తమ ఆందోళనను అదుపులో ఉంచుకోవడానికి ఉపయోగించే సాధనాలకు సుమారు అరవై సంవత్సరాల చరిత్ర ఉంది. 1965లో అమెరికాలో ఒక విద్యార్థిని తనకోసం తాను నిర్మించుకున్న కౌగిలి యంత్రం మొదలుకొని, నేటి ముంజేతి పట్టీల వరకు ఈ చరిత్ర సాగింది. ఈ సాధనాల వెనుక ఉన్న శాస్త్రభావనలను, వాటిపై జరిగిన పరీక్షలను, వాటికి సమాంతరంగా అదే కాలంలో వాడుకలోకి వచ్చిన దండన సాధనాలను కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. సాధనాన్ని నడిపే అధికారం ఎవరికి ఉన్నదనే ప్రశ్న, సాధనం ఎంత అధునాతనమైనదనే ప్రశ్నకంటే ముఖ్యమైనదని ఈ పరిశీలన ప్రతిపాదిస్తుంది. చివరి భాగం ఈ విషయానికి తెలుగు నేలతో ఉన్న సంబంధాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆటిజం, ఆందోళన, సహాయక సాధనాలు, కౌగిలి యంత్రం, టెంపుల్ గ్రాండిన్, ఇంద్రియానుభవం, వైకల్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

‘ఆందోళన’ అనే మాటకు నేటి తెలుగులో రెండు వాడుకలున్నాయి. మనసులోని కలతను ఆందోళన అంటాం. వీధిలో జరిగే నిరసననూ ఆందోళన అంటాం. ఈ రెండింటికీ మూలమైన సంస్కృత పదానికి ‘ఊగడం’ అని అర్థం. పల్లకిని ఆందోళిక అనడం, రెండు ఆలోచనల మధ్య ఊగే మనసును డోలాయమానం అనడం ఈ అర్థం నుండి వచ్చినవే. ఒకే పదం లోపలి కలతను, బయటి అలజడిని, ఊగే చలనాన్ని సూచించడం భాషా విద్యార్థులకు కొత్త విషయం కాదు. అయితే ఆటిజం చరిత్రను చదివేటప్పుడు ఈ మూడు అర్థాలూ పక్కపక్కనే ఎదురవుతాయి. కూర్చున్నచోటనే ముందుకూ వెనుకకూ ఊగే పిల్లవాడిని చూసి, అది లోపలి కలతకు గుర్తు అన్నవారున్నారు. అది అణచవలసిన అలజడి అన్నవారున్నారు. ఆ ఊగడమే తమకు ఊరట అని ఆటిజంగల వ్యక్తులు స్వయంగా చెప్పారు. ఏ అర్థాన్ని ఎవరు స్వీకరించారన్నదానిని బట్టి వారు తయారుచేసిన సాధనాలు మారాయి.

ఆటిజంగల వారిలో ఆందోళన అరుదైన విషయం కాదు. వాన్ స్టీన్సెల్, ఆమె సహ పరిశోధకులు 2011లో అంతకుముందు వెలువడిన 31 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. ఆటిజంగల బాలబాలికలలో సుమారు 40 శాతం మందికి కనీసం ఒక ఆందోళన రుగ్మత ఉన్నట్లు వారు తేల్చారు. రుగ్మతగా నిర్ధారణ కాని నిత్య ఆందోళన ఈ లెక్కలో లేదు. కనుక ఈ సాధనాల చరిత్ర ఏదో ఒక చిన్న వర్గపు వింత వస్తువుల చరిత్ర కాదు. తరగతి గదిలో, బస్సులో, పెళ్ళింట్లో మన మధ్యనే ఉన్నవారి జీవనావసరానికి సంబంధించిన చరిత్ర.

ఇక్కడ ‘సహాయక సాధనం’ అనే మాటను విస్తృతార్థంలో ఉపయోగిస్తున్నాను. యంత్రాలు, దుప్పట్లు, బొమ్మల పట్టికలు, ఫోన్ యాప్‌లు అన్నీ ఇందులోకి వస్తాయి.

2. తొలి వర్ణనలలో ఆందోళన:

‘ఆటిజం’ అనే పదాన్ని స్విట్జర్లాండ్ మనోవైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో, స్కిజోఫ్రీనియా లక్షణాన్ని తెలపడానికి ఏర్పరచాడు. ‘తాను’ అనే అర్థంగల గ్రీకు పదం దానికి మూలం. 1920లలో సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా ఆరుగురు బాలుర గురించి రాసిన వ్యాసం నేటి ఆటిజం వర్ణనకు చాలా దగ్గరగా ఉన్నా, అది చాలాకాలం మరుగున పడిపోయింది. 1943లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేస్తున్న లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ ప్రచురించిన వ్యాసంతో ఆటిజం ప్రత్యేక స్థితిగా గుర్తింపు పొందింది.

కానర్ వ్యాసంలో ఆందోళన పక్కవిషయం కాదు. పరిసరాలు, పనుల క్రమం ఏమాత్రం మారకూడదన్న పిల్లల పట్టుదలలో ఆందోళన ఉందని ఆయన గమనించాడు. పెద్ద శబ్దాలు, కదిలే వస్తువులు వారిలో భయాన్ని కలిగించడాన్ని నమోదు చేశాడు. వాక్యూమ్ క్లీనర్లు, లిఫ్టులు, పారే నీరు, యాంత్రిక బొమ్మలు ఆయన పేర్కొన్న వాటిలో ఉన్నాయి. ఆ జాబితాలో ఊయల కూడా ఉండడం గమనించదగినది. ఒకరికి ఊరటనిచ్చే ఊగుడు మరొకరికి భయకారణం కావచ్చు. ఇంద్రియానుభవం మనిషి మనిషికీ మారుతుందన్న ఈ సత్యం 1943 నాటికే పత్రాలలో ఉంది.

అయితే తరువాతి రెండు దశాబ్దాలలో పరిశోధన ఈ దారిలో సాగలేదు. పిల్లల భయానికి కారణం శబ్దంలో, స్పర్శలో కాక తల్లి ప్రేమరాహిత్యంలో ఉందనే వాదం బలపడింది. తల్లిదండ్రుల భావశూన్యత గురించి కానర్ చేసిన వ్యాఖ్యలు దీనికి బీజం వేశాయి. బ్రూనో బెట్టెల్‌హైమ్ 1967లో ప్రచురించిన ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’ గ్రంథం దానికి విస్తృత ప్రచారం కల్పించింది. 1964లో మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ ఆటిజానికి నాడీసంబంధమైన మూలాలున్నాయని వాదిస్తూ గ్రంథం రాసినా, తల్లులపై మోపిన నింద వెంటనే తొలగిపోలేదు. తల్లిని దోషిగా నిలబెట్టినంతకాలం శబ్దాన్ని తగ్గించే సాధనం, శరీరానికి ఊరటనిచ్చే సాధనం అవసరమన్న ఆలోచనకే చోటు లేకపోయింది. సాధనం పుట్టాలంటే ముందు సమస్య ఎక్కడుందన్న భావన మారాలి.

3. 1965: విద్యుత్తుతో బోధన:

సమస్య ఎక్కడుందన్న ప్రశ్ననే పక్కన పెట్టినవారు ప్రవర్తనావాదులు. లోపలి కలతను చూడలేం, బయటి ప్రవర్తనను మాత్రమే మార్చగలం అన్నది వారి స్థూల సిద్ధాంతం. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇవార్ లోవాస్, ఆయన సహచరులు 1965లో ఒక ప్రయోగఫలితాన్ని ప్రచురించారు. అందులో ఐదేళ్ళ కవలలను విద్యుత్ ప్రవాహం గల నేలపై నిలబెట్టారు. ఊగడం వంటి చేష్టలు చేసినప్పుడు షాక్ ఇచ్చారు. గదిలోని పెద్దల వద్దకు వచ్చినప్పుడు షాక్ ఆపారు. అదే సంవత్సరం మే నెలలో ‘లైఫ్’ పత్రిక లోవాస్ పద్ధతులపై ఛాయాచిత్రాలతో కథనం ప్రచురించింది.

ఈ ప్రయోగంలో సాంకేతికత ఉంది, లక్ష్యం ఉంది, కొలతలున్నాయి. పిల్లవాడు ఎందుకు ఊగుతున్నాడన్న ప్రశ్న లేదు. ఊగడాన్ని వీధి ఆందోళన వలె, అణచవలసినదిగా మాత్రమే చూశారు. మీట పూర్తిగా పెద్దల చేతిలో ఉంది.

ఈ ధోరణి 1960లతో ముగిసిపోలేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని జడ్జ్ రోటెన్‌బర్గ్ సెంటర్‌లో నివాసుల శరీరాలకు అమర్చిన పరికరాల ద్వారా షాక్ ఇచ్చే పద్ధతి 21వ శతాబ్దంలోనూ కొనసాగింది. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2020 మార్చిలో తమను తాము గాయపరచుకునే ప్రవర్తనకు, దూకుడు ప్రవర్తనకు వాడే ఇటువంటి పరికరాలను నిషేధించింది. 2021 జూలైలో అప్పీళ్ళ న్యాయస్థానం, ఆ సంస్థకు అంతటి అధికారం లేదంటూ నిషేధాన్ని కొట్టివేసింది. 2022 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ చట్టసవరణ ద్వారా ఆ అధికారాన్ని కల్పించగా, 2024 మార్చిలో నిషేధ ప్రతిపాదన మళ్ళీ వచ్చింది. శాస్త్రసాంకేతిక ప్రగతి దానంతటదే మానవీయతవైపు నడుస్తుందనుకోవడం సరికాదని ఈ ఉదంతం తెలుపుతుంది.

4. అదే 1965: కౌగిలి యంత్రం:

లోవాస్ ప్రయోగఫలితం వెలువడిన సంవత్సరంలోనే ఆటిజంగల ఒక పద్దెనిమిదేళ్ళ యువతి తన ఆందోళనకు తానే యంత్రం కట్టుకుంది. ఆమె 1947లో బోస్టన్‌లో జన్మించిన టెంపుల్ గ్రాండిన్. చిన్ననాటి నుండి ఎవరైనా కౌగిలించుకుంటే ఆమె తట్టుకోలేకపోయేది. అదే సమయంలో శరీరాన్ని గట్టిగా అదిమే ఒత్తిడి కోసం తపించేది. యవ్వనారంభంలో తీవ్రమైన భయావేశాలు ఆమెను నిత్యం బాధించాయి.

అరిజోనాలో తన అత్తకు చెందిన పశుక్షేత్రంలో ఆమె పశువులకు టీకాలు వేయడం చూసింది. పశువును ఒక ఇరుకైన నిర్మాణంలోకి నడిపించి రెండువైపుల నుండి పలకలతో అదుముతారు. మన పశువైద్యశాలల ముందు ఇనుప గొట్టాలతో కట్టి ఉండే ట్రెవిస్‌ను దీనితో పోల్చవచ్చు. అయితే ట్రెవిస్ పశువును నిలిపి ఉంచుతుందే తప్ప పక్కల నుండి అదమదు. పలకలు అదిమినప్పుడు బెదిరిన పశువులలో కొన్ని నెమ్మదించడం గ్రాండిన్ గమనించింది. భయావేశం వచ్చినప్పుడు తానూ అందులోకి దిగి, అత్త చేత పలకలను మూయించుకుంది. ఆ తరువాత కొంతసేపు ఆమెకు ప్రశాంతత దొరికింది.

తిరిగి వెళ్ళాక ఆమె ప్లైవుడ్‌తో సొంత యంత్రాన్ని నిర్మించుకుంది. తరువాతి నమూనాలలో మెత్తటి దిండు కట్టిన రెండు పలకలు ఆంగ్లాక్షరం ‘వి’ ఆకారంలో ఉంటాయి. వాడే వ్యక్తి వాటి మధ్య మోకాళ్ళపై వాలి ఉంటే, గాలి సిలిండరుతో పనిచేసే పలకలు రెండు పక్కలనూ అదుముతాయి. ఎంత అదమాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించే మీట లోపలి వ్యక్తి చేతికి అందేచోట ఉంటుంది.

ఇక్కడ జరిగిన మార్పును నిశితంగా గమనించాలి. పశువుల నిర్మాణం బంధన సాధనం. అందులో మీట బయట ఉంటుంది. గ్రాండిన్ యంత్రంలో అదే పలకలు, అదే ఒత్తిడి ఉన్నాయి. మీట లోపలికి వచ్చింది. ఈ ఒక్క మార్పుతో బంధన సాధనం సహాయక సాధనంగా మారింది.

ఆనాటి నిపుణులు దీనిని అంగీకరించలేదు. కళాశాలలో మనస్తత్వ నిపుణులు ఈ యంత్రాన్ని వికారానికి సూచనగా భావించి, ఆమె నుండి తీసివేయాలని ప్రయత్నించారు. పాఠశాలలో ఆమెకు విజ్ఞానశాస్త్రం బోధించిన విలియం కార్లాక్ వేరే దారి చూపాడు. ఒత్తిడి ఎందుకు ఊరటనిస్తుందో శాస్త్రీయంగా తెలుసుకొమ్మని ప్రోత్సహించాడు. ఆమె తోటి విద్యార్థులను యంత్రంలో ఉంచి పరీక్షించింది. ఒత్తిడి తనకే కాక ఇతరులలోనూ కొందరికి హాయినిస్తుందని చూపింది. తన అనుభవం రోగలక్షణం కాదని నిరూపించుకోవడానికి ఆమె పరిశోధకురాలు కావలసివచ్చింది. తరువాత ఆమె పశువిజ్ఞాన శాస్త్రంలో డాక్టరేట్ పొంది, కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలైంది. 1986లో ‘ఎమర్జెన్స్’, 1995లో ‘థింకింగ్ ఇన్ పిక్చర్స్’ గ్రంథాలలో తన జీవితాన్ని వివరించింది.

ఆ రచనలలో ఒక చిన్న విషయం ఉంది. యంత్రం మృదువుగా అదమడం అనుభవించిన తరువాతే పిల్లిని మృదువుగా నిమరడం తనకు తెలిసిందని, అంతకుముందు గట్టిగా పట్టుకోవడం వల్ల పిల్లి పారిపోయేదని ఆమె రాసింది. ఆటిజంగల వారికి ఇతరుల పట్ల అనురాగం ఉండదన్న నాటి అభిప్రాయానికి ఇది ప్రతివాదం. శరీరం భయంలో ఉన్నంతకాలం అనురాగానికి దారి దొరకదన్నది దీని సారం.

ఈ యంత్రాన్ని సర్వరోగ నివారిణిగా ఆమె ఎన్నడూ చెప్పలేదు. 1980లలో మందులు తన భయావేశాలను బాగా తగ్గించాయని ఆమె స్పష్టంగా రాసింది.

5. బలవంతపు కౌగిలి:

ఒత్తిడి మాత్రమే ఊరటకు కారణమైతే, ఎవరు అదిమినా ఫలితం ఒకటే కావాలి. 1980లలో వ్యాపించిన ‘హోల్డింగ్ థెరపీ’ ఈ విషయంలో పోల్చి చూడదగినది. అమెరికా మనోవైద్యురాలు మార్తా వెల్చ్ ప్రచారం చేసిన ఈ పద్ధతిలో తల్లి బిడ్డను గట్టిగా పట్టుకుని, బిడ్డ పెనుగులాడినా, ఏడ్చినా వదలకుండా, చివరకు శాంతించేవరకు ఉంచుతుంది. నోబెల్ బహుమతి పొందిన జంతుప్రవర్తన శాస్త్రవేత్త నికో టిన్‌బెర్గెన్, ఆయన భార్య ఎలిజబెత్ 1983లో రాసిన గ్రంథంలో దీనిని సమర్థించారు. ఈ పద్ధతి మూలంలో తల్లీబిడ్డల బంధం తెగిపోయిందనే పాత భావనే ఉంది. గ్రాండిన్ యంత్రానికి, ఈ పద్ధతికి బయటి పోలిక చాలా ఉంది. రెండింటిలోనూ శరీరం గట్టిగా అదమబడుతుంది. ఒకదానిలో చాలు అనే మాట చెల్లుతుంది, మరొకదానిలో చెల్లదు. అలసి నిశ్చలమైన బిడ్డను శాంతించిన బిడ్డగా భావించే ప్రమాదం ఇందులో ఉంది.

6. పరీక్షకు నిలిచినదెంత?

అనుభవం శాస్త్రం కావాలంటే పరీక్ష అవసరం. గ్రాండిన్ 1992లో లోతైన స్పర్శ ఒత్తిడి కలిగించే శాంతిపై పరిశోధన వ్యాసం ప్రచురించింది. 1999లో ఎడెల్సన్, ఆయన సహచరులు ఆటిజంగల 12 మంది పిల్లలతో ఒక ప్రాథమిక అధ్యయనం చేశారు. కొందరికి పనిచేసే కౌగిలి యంత్రం, మరికొందరికి ఒత్తిడి కలిగించని యంత్రం ఇచ్చారు. వారానికి రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున, ఆరు వారాలు ఇది సాగింది. ఒత్తిడి పొందిన పిల్లలలో బిగువు గణనీయంగా తగ్గింది. ఆందోళన తగ్గుదల మాత్రం గణాంక ప్రమాణానికి అంచుల్లోనే నిలిచింది. పన్నెండు మందిపై జరిగిన అధ్యయనం నుండి ఇంతకంటే గట్టి నిర్ణయం ఆశించలేం.

ఈలోగా వృత్తి చికిత్స రంగంలో జీన్ ఎయర్స్ 1972 గ్రంథం ద్వారా స్థిరపరచిన ‘ఇంద్రియ సమన్వయ’ సిద్ధాంతం ఒత్తిడిని, ఊగుడును చికిత్సలో భాగం చేసింది. బరువైన చొక్కాలు, బరువైన దుప్పట్లు ఈ మార్గంలోనే ప్రచారం పొందాయి. 2014లో బ్రిటన్‌లో గ్రింగ్రాస్ బృందం 67 మంది పిల్లల సమాచారంతో బరువు దుప్పటిపై ఫలితాలు ప్రచురించింది. ఒక్కొక్కరు కొన్ని రోజులు బరువు దుప్పటిని, కొన్ని రోజులు సాధారణ దుప్పటిని వాడారు. మొత్తం నిద్రాసమయంలో తేడా కనిపించలేదు. అయినా పిల్లలు, తల్లిదండ్రులు బరువు దుప్పటినే ఎక్కువగా ఇష్టపడ్డారు.

ఈ ఫలితాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. దుప్పటి పనిచేయలేదని చెప్పడం ఒకటి. కొలిచింది నిద్రను, పిల్లలు కోరుకున్నది మరొకదానిని అని చెప్పడం రెండవది. రెండవ పఠనాన్ని నిరూపణగా తీసుకోలేం. ఇష్టపడడం వేరు, మేలు జరగడం వేరు. కాని ఏది కొలవాలన్న నిర్ణయంలో ఆటిజంగల వారికి భాగం ఉంటే, ఈ అధ్యయనాల ప్రశ్నలే వేరుగా ఉండేవని చెప్పడం అతిశయోక్తి కాదు. ఇంద్రియానుభవ భేదాలను అమెరికా మనోవైద్య సంఘం తన రోగనిర్ధారణ గ్రంథపు ఐదవ కూర్పులో, అంటే 2013లో మాత్రమే ఆటిజం ప్రమాణాలలో చేర్చింది. కానర్ గమనించిన విషయం ప్రమాణంగా మారడానికి 70 సంవత్సరాలు పట్టింది.

7. తరువాత ఏమిటో తెలిపే సాధనాలు:

ఆందోళనకు ఇంద్రియభారం ఒక కారణమైతే, అనిశ్చితి మరొక కారణం. దీనికి విరుగుడుగా వచ్చిన సాధనాలకు యంత్రాల ఆర్భాటం లేదు. ఎరిక్ షోప్లర్ నాయకత్వంలో 1972లో ఉత్తర కరోలినా రాష్ట్రవ్యాప్త కార్యక్రమంగా ఏర్పడిన ‘టీచ్’ పద్ధతి, ఆ రోజు జరగబోయే పనులను బొమ్మల వరుసగా చూపడాన్ని బోధనలో కేంద్రస్థానానికి తెచ్చింది. షోప్లర్ బెట్టెల్‌హైమ్ దగ్గర చదువుకున్నవాడే. అయినా తల్లిదండ్రులను దోషులుగా కాక సహచికిత్సకులుగా నిలబెట్టాడు. 1990ల ఆరంభంలో కెరోల్ గ్రే ప్రవేశపెట్టిన ‘సోషల్ స్టోరీస్’ కొత్త పరిస్థితిలో ఏమి జరుగుతుందో చిన్న కథగా ముందే తెలుపుతాయి. గోడమీది బొమ్మల పట్టిక తరువాతి కాలంలో ఫోన్ తెరమీదికి వచ్చింది. బ్రిటన్‌లోని ఆటిస్టికా సంస్థ, కింగ్స్ కాలేజ్ లండన్ పరిశోధకులతో కలిసి రూపొందించిన ‘మోల్‌హిల్ మౌంటెన్’ యాప్ వాడే వ్యక్తి తన ఆందోళనను రోజూ నమోదు చేసుకుని, దాని కారణాలను తానే గుర్తించడానికి సహాయపడుతుంది.

8. ముంజేతి పట్టీ:

మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో రోజలిండ్ పికార్డ్ 1997లో వెలువరించిన ‘అఫెక్టివ్ కంప్యూటింగ్’ గ్రంథం, భావోద్వేగాలను గుర్తించే కంప్యూటర్ల గురించి చర్చించింది. ఆమె బృందం చర్మంపై విద్యుద్వాహకతను కొలిచే పట్టీలను అభివృద్ధి చేసింది. ఉద్వేగం కలిగినప్పుడు నాడీమండలం స్వేదగ్రంథులను ప్రేరేపిస్తుంది. చెమట పెరిగితే చర్మం విద్యుత్తును ఎక్కువగా ప్రసరింపజేస్తుంది. ముఖం ప్రశాంతంగా కనిపించే పిల్లవాడి లోపల ఎంత తుఫాను ఉందో ఈ కొలత కొంతవరకు తెలుపుతుంది. తమ ఉద్వేగానికి పేరు పెట్టడం ఆటిజంగల వారిలో చాలామందికి కష్టం కాబట్టి, ఈ సమాచారం వారికే అందితే గొప్ప ఊతం కాగలదు.

అయితే ఈ కొలతకు హద్దులున్నాయి. ఎండ, పరుగు, సంతోషం కూడా చెమట పట్టిస్తాయి. కొలత ఉద్వేగం ఉందని చెబుతుంది, అది భయమో ఆనందమో చెప్పదు. 2019లో గుడ్విన్ బృందం ఆటిజంగల 20 మంది యువ రోగులతో చేసిన అధ్యయనంలో, గడచిన మూడు నిమిషాల శరీర సంకేతాల ఆధారంగా ఒక నిమిషం ముందు దూకుడు ప్రవర్తనను ఊహించవచ్చని తేలింది. అందరికీ కలిపి రూపొందించిన నమూనాకంటే, ఒక్కొక్కరికి విడిగా రూపొందించినది మెరుగ్గా పనిచేసింది. ఇంద్రియానుభవం మనిషి మనిషికీ మారుతుందన్న కానర్ కాలపు సత్యాన్నే గణితం మరొకసారి ధ్రువీకరించింది.

ఆ ఒక్క నిమిషం విలువైనదే. దానిని ఎలా వాడుకుంటారన్నది ప్రశ్న. సంకేతం అందగానే సంరక్షకుడు గదిలోని శబ్దాన్ని తగ్గించవచ్చు. పిల్లవాడిని ముందుగానే పట్టి బంధించనూవచ్చు. ఊహిస్తున్నది పిల్లవాడి బాధనా, ఇతరులకు కలగబోయే ఇబ్బందినా అన్న భేదం ఇక్కడ కీలకం. 1965లో నేలమీది తీగలకు, గాలి సిలిండరు మీటకు మధ్య ఉన్న భేదం ఈ చిన్న పట్టీలో మళ్ళీ ఎదురవుతున్నది.

9. తెలుగు నేలపై ఈ చరిత్ర:

ఈ చరిత్రలో సికింద్రాబాద్‌కు ఒక స్థానం ఉంది. 1984లో అక్కడి మనోవికాస్‌నగర్‌లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, నేటి జాతీయ మేధోవైకల్య వ్యక్తుల సాధికారత సంస్థ, భారతీయ ఆటిజం అంచనా మాపనిని రూపొందించింది. 2009లో వెలువడిన ఈ మాపనిలో 40 అంశాలు, ఆరు విభాగాలు ఉన్నాయి. వాటిలో ఇంద్రియానుభవం ఒక ప్రత్యేక విభాగం. అమెరికా గ్రంథం 2013లో చేర్చిన విషయాన్ని సికింద్రాబాద్‌లో తయారైన మాపని నాలుగేళ్ళ ముందే లెక్కలోకి తీసుకుంది.

చట్టపరంగా 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ఆటిజాన్ని గుర్తించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలలో ఆటిజాన్ని చేర్చి, విద్యాసంస్థలు వ్యక్తి అవసరానికి తగిన సౌకర్యాలు కల్పించాలని నిర్దేశించింది. చెవులను కప్పే శబ్దనిరోధకాలు, విరామం తీసుకోవడానికి ఒక నిశ్శబ్ద గది, ముందే చెప్పిన పరీక్షా క్రమం మన కళాశాలల్లో ఈ సౌకర్యాల కిందికే వస్తాయి. వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు. వీటిని అడిగిన విద్యార్థిని అనుమానించకపోవడం మొదటి అవసరం.

భాష విషయంలో తెలుగువారు చేయవలసిన పని ఉంది. ఇంద్రియభారంతో కుప్పకూలిన పిల్లవాడి స్థితిని మన ఇళ్ళలో మొండితనం, పెంకితనం, మారాం అంటున్నారు. ఈ పదాలన్నీ పిల్లవాడు కావాలని చేస్తున్నాడనే అర్థాన్ని మోస్తాయి. మొండితనం అన్న క్షణంలోనే చేతికి బెత్తం వస్తుంది. బెదురు అంటే దగ్గరకు తీసుకోవాలా, కొంత దూరంగా నిలవాలా అన్న ఆలోచన వస్తుంది. ఆ సంస్కారం మన భాషకు కొత్తది కాదు. బిడ్డను గుడ్డలో బిగువుగా చుట్టే పొత్తిళ్ళు, ఏడుపు మానేవరకు ఊపే ఉయ్యాల, ఒత్తిడి, ఊగుడు ఇచ్చే ఊరటను గుర్తించిన మాటలే. పసితనంలో అంగీకరించిన ఆ అవసరాన్ని పదేళ్ళ పిల్లవాడిలో, ఇరవై ఏళ్ళ యువకుడిలో చూసినప్పుడు వికారంగా భావించడమే మనం సవరించుకోవలసిన విషయం.

10. ముగింపు:

పై పరిశీలన నుండి తేలిన అంశాలు:

• ఆటిజంలో ఆందోళనను, ఇంద్రియానుభవ భేదాలను 1943లోనే గుర్తించినా, తల్లులపై నింద, ప్రవర్తన అదుపు అనే రెండు ధోరణుల వల్ల వాటికి తగిన సాధనాలు ఆలస్యంగా వచ్చాయి.

• 1965లో షాక్ ప్రయోగం, కౌగిలి యంత్రం రెండూ ఒకే సమాజంలో వెలువడ్డాయి. మొదటిదాని వెనుక విశ్వవిద్యాలయ గౌరవం ఉంది. రెండవది నిపుణుల అనుమానాన్ని ఎదుర్కొంది.

• లోతైన ఒత్తిడిపై ఉన్న శాస్త్రీయ ఆధారం పరిమితమైనది. అది కొందరికి మేలు చేస్తుంది. అందరికీ వర్తించే చికిత్సగా దానిని ప్రచారం చేయడం తగదు.

• శరీర సంకేతాలను కొలిచే పరికరాల సమాచారం మొదట ఎవరికి చేరుతుందన్నది కేవలం సాంకేతిక విషయం కాదు, హక్కుల విషయం.

• తెలుగులో ఈ అనుభవాలను నింద లేకుండా చెప్పే పదజాలం స్థిరపడాలి. ఇది వైద్యులతో పాటు భాషా పరిశోధకుల బాధ్యత.

ఏ కొత్త సాధనం మన తరగతి గదిలోకి, ఇంట్లోకి వచ్చినా మూడు ప్రశ్నలు వేయవచ్చు. ఇది ఎవరి బాధను తగ్గిస్తున్నది? దీనిని ఆపే వీలు వాడేవారికి ఉందా? దీని ఫలితాన్ని నిర్ణయించినవారిలో వారున్నారా? ప్లైవుడ్ పలకలతో 1965లో ఒక విద్యార్థిని కట్టుకున్న యంత్రం ఈ మూడింటికీ సరైన సమాధానం ఇచ్చింది. దానికంటే ఎంతో ఖరీదైన పరికరాలు అనేకం నేటికీ ఇవ్వలేకపోతున్నాయి.